మతి పోతదని విడిచిపెట్టిన కొవ్వు గోలి

మొన్న జగిత్యాలల డాక్టర్ ముంగట నా పరువు ఎట్ల పోయిందో చెప్త. నవ్వుతే నవ్వుండ్రి గని, నడుమ అడ్డం రాకుండ్రి. ఎక్కడిదాకా చెప్పిన్నో మర్చిపోత!

నా రంధి, దిగులు అంతా గదే, మర్చిపోవుడు. పప్పుల రెండుమాట్ల ఉప్పు పడితే పోనీ అనుకున్న. కోరుట్లల బస్సెక్కిన నాడు మాత్రం గుండె జారింది. కండక్టర్ "ఏ ఊరవ్వా?" అన్నడు. ఊరి పేరు నోటికి రాలే! ఫ్రీ టికెట్ కోసం తీసిన ఆధార్ కార్డు చేతిల పట్టుకొని ఆయన మొకం చూసుకుంట నిలబడ్డ. ఆయనే కార్డు మీద చదివి, "మల్లాపూరే గదా!" అని టికెట్ కొట్టిచ్చిండు. ఇన్నేండ్లు బతికిన ఊరు కండక్టర్ చెప్తే తెలిసింది నాకు. రేపు బిడ్డ పేరు గూడ మర్చిపోతే? అప్పటిసంది ఉత్తగనే ఏడుపొచ్చుడు మొదలైంది.

నేను బడికి పోలే. అక్షరాలు నాకు నేనే నేర్చుకున్న. కాయితం ముక్క దొరికితే చదవందే పారెయ్య. గట్లనే మిర్చిబజ్జీలు కట్టిచ్చిన పేపర్ చదివిన. మెదడుల సెరటోనిన్ అనేది ఒకటి ఉంటదట. మనసును నిమ్మలంగ ఉంచేది గదేనట. అది సరిగ పనిచెయ్యాలంటే మెదడుకు జర కొవ్వు గూడ కావాలెనట. నెత్తురుల కొలెస్ట్రాల్ మరీ తగ్గితే మనసు కుంగుతదేమో అని కొందరి అనుమానమట. అటెనుక ఏం రాసిండ్రో, బజ్జీల నూనె అంటి కనబడలే.

అమ్మో! నేను రోజూ మింగేది కొవ్వు తగ్గే గోలి. దిగులైతే ఉండనే ఉంది. మతిమరుపు మాట పేపర్ల లేదు, అది నేనే కలుపుకున్న.

మనోళ్లు మొక్కుకొని వంకాయో, చాయో విడిచిపెడ్తరు గదా! నేను ఒక సోమారం దీపం ముట్టిచ్చి, "ఎములాడ రాజన్నా! ఇయ్యాల్టిసంది కొవ్వు గోలి విడిచిపెడ్తున్న. నా మతి నాకియ్యి" అని మొక్కిన.

ఇగ చూడుండ్రి! మనసు తేటపడ్డది. కంటినిండ నిద్ర. పక్కింటోళ్ల మనవల పేర్లన్నీ తప్పు లేకుంట చెప్పిన. ఎవరికీ చెప్పలే గని, లోపల ఒకటే సంబురం.

చెకప్ దినం వచ్చింది. సిరిసిల్లల బట్టలు కుట్టే నా బిడ్డ లత సెలవు పెట్టి వచ్చి నన్ను జగిత్యాల తీస్కపోయింది. డాక్టర్ రిపోర్టు చూసి, "కొలెస్ట్రాల్ మంచిగుందవ్వా, గోలి పనిచేస్తుంది" అన్నడు.

నేను ఆగుతనా! "సారూ, ఆ గోలి నేనెప్పుడో బంద్ చేసిన!"

"అమ్మా! ఎవరినడిగి బంద్ చేసినవే?" అని లత అరిచింది.

"పేపర్ల ఉంది" అని సెరటోనిన్ సంగతి ఇద్దరికీ వివరంగ చెప్పిన. డాక్టర్ గదువ కింద చెయ్యి పెట్టుకొని విన్నడు.

"మరి గోలి లేకుంట ఇంత తక్కువెట్ల ఉంది?"

"రాజన్న దయ, సారూ!"

లత నా మందుల కవర్ గుంజుకొని, మొక్కిననాడు నిండుగున్న కొవ్వు గోలీల షీటు బయటికి తీసింది. చివరన ఒకటో రెండో మిగిలినయ్ అంతే!

"బంద్ చేస్తే ఇవి ఎవరు మింగిండ్రే? నీ రాజన్ననా?"

నేను షీటు అటు ఇటు తిప్పి చూసిన.

"కండ్లు సీరియల్ మీద, చేతులు గోలీల మీద! బీపీ గోలితోటి ఇది గూడ ఏసుకున్నవ్. బీడీలు చుట్టేటప్పుడు ఒక్కనాడన్న చేతులు చూసుకున్నవా నువ్వు?"

నిజమే. బతుకంతా బీడీలు చుట్టిన చేతులు, నన్ను అడగకుంటనే పని చేసుకపోతయ్. గని నాకు నవ్వు రాలే. "అంటే నా మతి పోయినట్టే గదా, సారూ?"

"అందరి చేతులూ గట్లనే చేస్తయవ్వా. మర్చిపోవుడుకు టెస్టులు రాస్త, విటమిను తక్కువున్నా, థైరాయిడ్ ఉన్నా గట్ల అయితది. సెరటోనిన్ ముచ్చట పరిశోధన చేసేటోళ్లకే ఇంకా తేలలే. నీ గుండెకు ఈ గోలి కావాలె. నన్నడగకుంట ఆపకు."

"మరి మనసు తేటపడ్డది గదా సారూ?"

"ఆపిన అన్న ధైర్యం కావచ్చు" అని నవ్విండు. "ఈసారికైతే నీ మతిమరుపే నిన్ను కాపాడింది."

టెస్టులకు నెత్తురిచ్చి వచ్చిన. రిపోర్టు మంచిగ రావాలని రాజన్నకు మల్ల మొక్కుతున్న గని, ఇప్పుడు కొత్త రంధి పట్టుకున్నది. మతి బాగైతే, ఇగ నా చదువు నుంచి నన్నెవరు కాపాడుతరు?