మూడు డబ్బాలు, ఒకటే మందు

ఉయ్యూరు దగ్గర మా పక్క చేను కౌలుకు చేసిన బాబాయి ఎవరినీ నమ్మేవాడు కాదు. మందుల కొట్లో డబ్బా సీలును గోటితో గీకి చూశాకే కొనేవాడు.

ఆ ఏడు ఆయన వరికి అగ్గి తెగులు సోకింది. రెండుసార్లు మందు కొట్టినా ఆకుల మీద మచ్చలు ఆగలేదు.

"నకిలీ సరుకు అంటగడతన్నార్రా! అందుకే ఏటా కంపెనీ మారుస్తన్నా," అన్నాడు.

గట్టు మీద పడేసిన మూడేళ్ళ ఖాళీ డబ్బాలు తీసి చూశాను. కంపెనీలు మూడు, కింద చిన్న అక్షరాల్లో మందు పేరు మాత్రం ఒకటే. విజయవాడ లైబ్రరీలో వరి తెగుళ్ళ పుస్తకం రెండుసార్లు చదివినవాణ్ణి. ఏటా ఒకే మందు కొడితే తెగులు తెచ్చే శిలీంధ్రం దానికి అలవాటుపడి లొంగదనీ, వేరే రకం వాడమనీ చెప్పాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఇది చెప్పినందుకు నీకేం ముట్టింది?"

అయినా వేరే మందు తెచ్చి, సగం చేనుకే కొట్టాడు. "నీ మాట అబద్ధమైతే సగమే పోద్ది," అన్నాడు.

పైరు వెన్ను తీసి కంకులు వేశాక, కొత్త మందు కొట్టిన సగం నిండుగా నిలిచింది. మిగతా సగంలో వెన్నులు మెడ విరిగి, గింజ పట్టక తాలుపోయాయి. బాబాయి పండిన సగంలోంచి పిడికెడు మట్టి తీసి నలిపి చూశాడు.

"అటుపక్క నేల మంచిదిలేరా," అన్నాడు చివరికి.

ఇన్నేళ్ళూ ఆ చేనును ఒకే మడిగా దున్నింది ఆయనే.