నాలుగంగుళాల విప్లవం

మొన్న నేనేం చేశానో చెప్తాను, నవ్వకండి. నవ్వినా ఫర్వాలేదు గానీ చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టి నవ్వండి. మా వీధిలో ఏడుగురు ఆడవాళ్లు ఒకే వారంలో, ఒకే రకంగా, తప్పు సైజు బ్రాలు వేసుకున్నారు. వేయించింది నేను. ఆ ఏడుగురిలో నేనూ ఉన్నాను.

మాది రావులపాలెం. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ముందు గదిలో మిషను, గోడ కొక్కేనికి టేపు, బల్ల మీద గుడ్డల మూటలు. ఏ మూట విప్పినా కొత్త గుడ్డతో పాటు ఒక పాత జాకెట్టు ఉంటుంది. దాన్ని ఆది జాకెట్టు అంటారు. బాగా కుదిరిన పాతదొకటి ఇస్తే, అమ్మ దాన్ని బల్ల మీద పరిచి, కొలతలు చూసుకుని, అచ్చం అలాంటిదే కుట్టి పెడుతుంది. మనిషిని నిలబెట్టి కొలిచే పనే లేదు. అమ్మ కుట్టిన జాకెట్టు కుదరలేదని వెనక్కి రావడం నేను పుట్టాక చూడలేదు. మా వీధిలో కొలతంటే అమ్మదే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నా నిర్వాకమంతా తిరిగి తిరిగి దీని మీదకే వచ్చింది.

నేను రాజమండ్రిలో ఎమ్మే చదువుతున్నాను. రోజూ బస్సే. బస్సులో పుస్తకాలు చదువుతాను, ఏది చదివితే ఆ వారమంతా ఇంట్లో అదే మాట్లాడతాను. శరీరం మీద హక్కు, శ్రమకి విలువ, సిగ్గు అనే సంకెల. అమ్మ ఇవన్నీ మిషను చప్పుడు మధ్య ఓపిగ్గా విని, చివర్లో ఆ నల్లదారం ఉండ ఇలా అందుకో అంటుంది.

ఒక ఆదివారం అమ్మ మిషను మీద వంగి కుడుతుంటే, భుజం దగ్గర జాకెట్టు కింద నుంచి తెల్లగా ఏదో కనిపించింది. చేతిరుమాలు. నాలుగు మడతలు పెట్టి బ్రా పట్టీ కింద దూర్చుకుంది. ఏంటమ్మా ఇది అంటే, ఏం లేదు, బాడీ పట్టీ ఒరుసుకుపోతోంది అంది. అమ్మ ఇప్పటికీ దాన్ని బాడీ అనే అంటుంది. బలవంతంగా చూస్తే రెండు భుజాల మీదా ఎర్రగా గాట్లు పడి ఉన్నాయి. ఎన్నాళ్ల నుంచి అని అడిగాను.

"నువ్వు పుట్టినప్పటి నుంచీ అనుకుంటా."

అదేదో పాలవాడు ఎప్పటి నుంచి వస్తున్నాడో చెప్పినట్టు చెప్పింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఊళ్లో ఆడవాళ్లందరికీ ఒంటికి అతికినట్టు కుట్టిపెట్టే మనిషి, తను మాత్రం ఇరవై రెండేళ్లుగా చేతిరుమాళ్లు అడ్డం పెట్టుకుని బతుకుతోంది. అసలా సైజు ఎవరు చెప్పారు? మెయిన్ రోడ్డులో కొట్టాయన. ఆ కొట్టు పద్ధతి మీకూ తెలుసు. మనం గొంతు తగ్గించి అడుగుతాం. ఆయన మర్యాదస్తుడు కాబట్టి మనవైపు చూడడు. సీలింగ్ ఫ్యాను వైపు చూస్తూ "ముప్పై ఆరండి" అంటాడు. అట్టపెట్టెని పేపర్లో చుట్టి, దాన్ని నల్ల కవర్లో దూర్చి, అదేదో పేలే వస్తువులా జాగ్రత్తగా చేతికిస్తాడు. మనం వెనక్కి చూడకుండా వచ్చేస్తాం. అమ్మకి పెళ్లైన కొత్తలో ఆయన ఫ్యానుని అడిగి చెప్పిన నంబరే ఇప్పటికీ అమ్మ నంబరు.

నీ శరీరం కొలత తేల్చాల్సింది నువ్వు గానీ సీలింగ్ ఫ్యాను కాదు అన్నాను. నేనే కొలుస్తానన్నాను. ఛీ పోవే అంది అమ్మ. ఈ ఛీ మనకి ఎవరు నేర్పారు అని మొదలుపెట్టాను. పావుగంటకి అమ్మ మిషను ఆపి లేచింది. నా వాదన నచ్చి కాదు, నా నోరు ఆగుతుందని.

"ఒక్కసారే. కుదరకపోతే ఇంకెప్పుడూ ఈ ఊసెత్తకూడదు."

ఒప్పుకున్నాను. అంటే ఇది కుదిరి తీరాలి. లేకపోతే ఆ చేతిరుమాళ్లు జన్మంతా అక్కడే ఉంటాయి.

పద్ధతి ముందే చదివి పెట్టుకున్నాను. ఊపిరి వదిలేసి, ఛాతీ కింద టేపుని నేలకి సమానంగా, కాస్త బిగువుగా చుట్టాలి. అది బ్యాండు. తర్వాత నిండుగా ఉన్నచోట, నొక్కకుండా చుట్టాలి. రెండింటికీ తేడా ఎన్ని అంగుళాలో దాన్ని బట్టి కప్పు. ఒకటైతే ఎ, రెండైతే బి, అలా పైకి. ఇంత చిన్న లెక్క ఆడవాళ్లకి ఎవరూ చెప్పకపోవడం యాదృచ్ఛికం కాదు అని కూడా అన్నాను.

కొక్కేనికున్న టేపు తీశాను. అంకెలు సగం మాసిపోయాయి. ఒక చివర ఎర్రగుడ్డ ముక్క మడిచి కుట్టి ఉంది. ఆ ఎర్ర చివర పట్టుకుని అమ్మ చుట్టూ తిప్పాను. అమ్మ ఏదో చెప్పబోయింది.

"ఆ టేపు కాస్త చూసుకో అమ్మలూ, అది..."

"అమ్మా, ఇన్నేళ్లూ నువ్వు అందర్నీ కొలిచావు. ఇవాళ నువ్వు మాట్లాడకు, కొలతని మాట్లాడనివ్వు."

అంత మంచి వాక్యం నా నోట్లోంచి వచ్చినందుకు నాకే ఒళ్లు జలదరించింది. అమ్మ చేతులు పైకెత్తి నిలబడింది.

కింద ముప్పై తొమ్మిది. పైన నలభై మూడు. తేడా నాలుగు. అంటే నలభై, డి కప్పు. మరీ ఎక్కువ కదే అంది అమ్మ. ఎక్కువ కాదు, ఇన్నాళ్లూ నిన్ను తక్కువ చేసి చూపించారు అన్నాను. తర్వాత నన్ను నేను కొలుచుకున్నాను. ఎప్పుడూ ముప్పై రెండు కొనే నేను ముప్పై ఆరు తేలాను.

సరిగ్గా అప్పుడే మంగ పిన్ని వచ్చింది. గోదారి గట్టు దగ్గర ఉంటుంది, తల మీద తట్ట పెట్టుకుని వీధుల్లో చేపలమ్ముతుంది. జాకెట్టు తీసుకెళ్దామని వచ్చి, నా ఉపన్యాసం విని, నన్నూ చూడమ్మాయ్ అని తట్ట అరుగు మీద పెట్టేసింది. కర్టెను వెనక ఆమెనీ కొలిచాను. ముప్పై నాలుగు అనుకున్నది ముప్పై ఎనిమిది. మేనకోడలి పెళ్లికి పదకొండు జాకెట్ల గుడ్డ ఇవ్వడానికి అరటితోటల రాజేశ్వరి గారొచ్చారు. ఆవిడా నాలుగు పెరిగారు. సాయంత్రానికి ఇంకో ముగ్గురు. ముగ్గురూ నాలుగే.

ఏడుగురు ఆడవాళ్లు, ఏడుగురికీ పాత సైజుకీ కొత్త సైజుకీ నాలుగంగుళాల తేడా. ఒక్కరికైనా మూడు రాలేదు, అయిదు రాలేదు. ఎవరికైనా అక్కడ అనుమానం రావాలి. నాకు మాత్రం ఆవేశం వచ్చింది. చూశారా, ఈ వ్యవస్థ ప్రతి ఆడదాన్నీ నాలుగంగుళాలు కుదించి పెట్టింది అని అరుగు మీద నిలబడి చెప్పాను. మంగ పిన్ని చప్పట్లు కొట్టింది. రాజేశ్వరి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ ఊపులోనే ఫ్యాను కొట్టుని బహిష్కరించి, ఏడుగురికీ ఫోన్లో ఆర్డర్ పెట్టేశాను. లోదుస్తులు వాపసు తీసుకోబడవు అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. విప్లవంలో వాపసు ఏమిటి అనుకున్నాను.

మంగళవారం సాయంత్రం పార్సిల్ వచ్చింది, అందరికీ పంచాను. బుధవారం పొద్దున్న నాది వేసుకుని కాలేజీకి వెళ్లాను. కాస్త వదులుగా అనిపించింది. స్వేచ్ఛ అలవాటు లేకపోతే వదులుగానే ఉంటుందని సర్దిచెప్పుకున్నాను.

ఆ రోజు కాలేజీలో ధర్నా. అమ్మాయిల బాత్రూముకి తాళం వేసి, తాళంచెవి ఆఫీసులో పెట్టుకున్నారు. వెళ్లిన ప్రతిసారీ గుమాస్తాని అడుక్కోవాలి. నలభై మంది అమ్మాయిలం ప్రిన్సిపాల్ గారి గది ముందు కూర్చున్నాం. నినాదాలు ఇచ్చేది నేను. లేచి నిలబడి, పిడికిలి బిగించి, చెయ్యి ఆకాశంలోకి విసిరి "తెరవాలి" అన్నాను.

చెయ్యి పైకెళ్లింది. చెయ్యితో పాటు బ్యాండు కూడా వెళ్లింది.

రెండో నినాదానికి ఇంకాస్త ఎక్కింది. చెయ్యి దిగుతోంది గానీ అది దిగడం లేదు. మూడోదానికి ఇంక బ్రా ఉండాల్సిన చోట లేదు. నాలుగోదానికి అది నా గొంతు దగ్గరికి వచ్చేస్తుందని, నలభై మంది ముందు నేను ఏం తెరవాలంటున్నానో దాని అర్థమే మారిపోతుందని అర్థమైంది. ఎడమ చేత్తో పక్కని గట్టిగా అదిమి పట్టుకున్నాను. కుడి చెయ్యి మోచేతి దగ్గర ఆపేసి, పిడికిలి గుండె దాకా మాత్రమే ఎత్తి నినాదం ఇచ్చాను. నన్ను చూసి నలభై మందీ అలాగే ఎత్తారు. పక్కనే కూర్చున్న జూనియర్ చిన్నగా అడిగింది, అక్కా, చెయ్యి ఇంతవరకే ఎందుకని. పిడికిలి గుండె ముందే ఉండాలి, పోరాటం పుట్టేది అక్కడే కాబట్టి అన్నాను. ఆ పిల్ల కళ్లు మెరిశాయి. నోట్సులో రాసుకుంది.

అరగంటకి ప్రిన్సిపాల్ గారు బయటికొచ్చి తాళంచెవి ఇచ్చేశారు. మా కాలేజీ చరిత్రలో ఆ బాత్రూములోకి స్వేచ్ఛగా పరిగెత్తిన మొట్టమొదటి విద్యార్థిని నేను.

ఇంటికొచ్చేసరికి అరుగు మీద మంగ పిన్ని కూర్చుని ఉంది. కోపంగా లేదు, జాలిగా ఉంది. అది ఇంకా ఘోరం.

"తట్ట పట్టుకోడానికి చెయ్యెత్తితే చాలమ్మాయ్, అది మెళ్లోకొచ్చేస్తంది. నడిరోడ్డు మీద నేను బేరమాడనా, దాన్ని కిందకి లాక్కోనా?"

అంతవరకూ నవ్వుకోవచ్చు. తర్వాత చెప్పింది విన్నాక నవ్వు రాలేదు. రాజేశ్వరి గారు పొద్దున్నే వచ్చి పదకొండు జాకెట్ల గుడ్డా వెనక్కి తీసుకెళ్లిపోయారట. కోప్పడలేదట. ఈ మధ్య మీ ఇంట్లో కొలతలు కాస్త అటూ ఇటూ అవుతున్నట్టున్నాయి కదండీ, పెళ్లి పని కదా అని మాత్రం అన్నారట. బల్ల మీద మూటలున్న చోట ఖాళీగా ఉంది. అమ్మ మిషను ముందు కూర్చుని ఉంది గానీ కాళ్లు ఆడటం లేదు.

"ఏ చివర పట్టుకుని కొలిచావు?" అంది.

ఎర్రగుడ్డ చూపించాను. అమ్మ కత్తెర తీసుకుని ఆ గుడ్డ కుట్లు విప్పింది. కింద మొదటి అంకె అయిదు.

నేను స్కూల్లో ఉన్నప్పుడు ఎలక ఆ టేపు కొరికేసిందట. పోయిన నాలుగంగుళాలూ వదిలేసి, చిరగకుండా అంచు కుట్టుకుంది. బల్ల మీద ఆది జాకెట్టు పరిచి కొలిచినప్పుడల్లా నాలుగు తీసేసుకోవడం అమ్మకి అలవాటైపోయింది. ఆ టేపు ఇంకెవరూ ముట్టుకోలేదు కాబట్టి ఎవరికీ చెప్పే అవసరం రాలేదు. చెప్పబోయిన ఒక్క రోజూ నేను కొలతని మాట్లాడనిచ్చాను. ముప్పై తొమ్మిది అన్నప్పుడైనా ఆపొచ్చు కదా అన్నాను. నీ చదువు లెక్కలో నాలుగు కలుపుతారేమో అనుకున్నానే అంది.

అంటే నేను కనిపెట్టిన మహా కుట్ర వెనక ఉన్నది ఒక ఎలక. ఇంకో అవమానం కూడా చెప్పేస్తాను. నాలుగు తీసేస్తే అందరి బ్యాండూ పాత నంబరు దగ్గరికే వచ్చింది. ఫ్యాను సరిగ్గానే చెప్పింది.

ఆ సాయంత్రం అయిదిళ్లకీ వెళ్లాను. కొలిచింది నేనండీ, మా అమ్మ కాదు, టేపు పట్టుకోవడం నాకు రాలేదు అని గుమ్మంలో నిలబడి చెప్పాను. పెద్ద పెద్ద మాటలు ఎన్నో నేర్చుకున్నాను గానీ ఇంత చిన్న మాట చెప్పడానికి ప్రతి ఇంటి ముందూ రెండేసి నిమిషాలు చెప్పులు సర్దుకున్నాను. రాజేశ్వరి గారు అంతా విని, లోపలికెళ్లి మజ్జిగ తెచ్చిచ్చారు. గుడ్డ సంగతి ఎత్తలేదు. నేనూ అడగలేకపోయాను.

మర్నాడు, ఆ ఇళ్ల నుంచి నేను వెనక్కి తెచ్చినవాటితో కలిపి, అమ్మ ఏడు బ్రాలూ ముందేసుకుంది. హుక్కులున్న పట్టీ విప్పి, అటు రెండంగుళాలు ఇటు రెండంగుళాలు తీసేసి, మళ్లీ కుట్టాలి. విప్పే పని నాది. ఒక బ్రాకి నేను కుట్లు విప్పేలోపు అమ్మ ఇంకోటి కుట్టి అవతల పడేసేది. ఆఖర్ని తనది కుట్టుకుని లోపలికెళ్లి వేసుకొచ్చింది. చేతులు పైకెత్తి అటక మీంచి దారాల డబ్బా దించింది. మళ్లీ పెట్టింది. మళ్లీ దించింది. దించాల్సిన అవసరం లేదని మా ఇద్దరికీ తెలుసు.

"కప్పు మాత్రం సరిగ్గానే చెప్పావే," అంది.

అదొక్కటే ఎలకకి అందలేదు. రెండు కొలతల్లోనూ నాలుగేసి ఎక్కువొచ్చినా, తేడా మారదు కదా. ఇన్నేళ్లూ అమ్మకి తప్పయింది బ్యాండు కాదు, కప్పు. ఆ సాయంత్రం ఉతికిన బట్టలు మడతపెడుతుంటే చేతిరుమాళ్లు రెండూ కనిపించాయి. అమ్మ వాటిని మిషను తుడిచే గుడ్డల్లో పడేసింది.

కుట్టినవి ఎవరివి వాళ్లకి ఇచ్చొచ్చాను. రెండు రోజులకి రాజేశ్వరి గారు గుడ్డల మూటతో తిరిగొచ్చారు. లోపలిది కుదిరిందండీ, హాయిగా ఉంది అని, పదకొండు జాకెట్ల గుడ్డా బల్ల మీద పెట్టి, నా వైపు చూసి, ఆది జాకెట్టు తెచ్చానమ్మా, నువ్వేం కష్టపడకు అన్నారు.

ధర్నా సంగతి మాత్రం అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. కానీ నిన్న జూనియర్లు మళ్లీ ఏదో ధర్నా చేసి నా ఫోన్‌కి ఫొటో పంపారు. బ్యానరు మీద పెద్ద అక్షరాలతో "పిడికిలి గుండె ముందే" అని ఉంది. దాని కింద వరసగా అమ్మాయిలు, అందరి చేతులూ మోచేతి దగ్గరే ఆగిపోయి ఉన్నాయి. అమ్మ నా భుజం మీంచి ఆ ఫొటో చూసింది. కళ్లజోడు సర్దుకుని ఇంకోసారి చూసింది.

"ఒక్కపిల్లకీ చెయ్యి పైకి లేవట్లేదేంటే? ఎవరు కుట్టారో గానీ అందరికీ చంకల్లో బిగిసిపోయింది. ఆదివారం రమ్మను, వదులు చేసి పెడతాను."

నేను వెళ్లి, కొక్కేనికున్న టేపు తీసి, అమ్మ చేతికిచ్చాను.