ఎండెక్కితే పోయే బొమ్మ

వైరు చివర నల్లతోలు చుట్టూ బ్లేడుతో సన్నగా గీత పెట్టి, ఒక్క తిప్పు తిప్పి లాగేశాడు సాలమోను. లోపలి వెండిరంగు అల్లికను వెనక్కి మడిచాడు. అందులో ఒక్క పోగు కూడా నడిమి రాగితీగను తాకకూడదు. తాకిందంటే టీవీలో బొమ్మ రాదు. కళ్ళజోడు జేబులోనే ఉంది. వేలికొనతో తడిమి చూసుకుని, కనెక్టరు తొడిగి పట్టకారుతో నొక్కాడు. దాన్ని డిష్ గొడుగు ముందు సిగ్నలు పట్టే బుడ్డికి మరతిప్పి బిగించి, మోకాళ్ళ మీద నుంచి లేచాడు.

అతనున్నది మేడ మీద కాదు, బస్సు మీద. రావులపాలెం అరటి మార్కెట్టు వెనక వెంకటకృష్ణ గారి దొడ్లో ఉన్న ఆ బస్సు ఒకప్పుడు కాలేజీ పిల్లల్ని మోసింది. ఇప్పుడు దాని కడుపులో రెండు మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, మనిషి పట్టేంత స్నానాలగది, గోడకి ఒక టీవీ ఉన్నాయి. తీర్థాలకీ షికార్లకీ వెళ్ళేవాళ్ళకి దాన్ని అద్దెకిస్తారు. అందరూ క్యారవాన్ అంటారు గానీ, డ్రైవరు నాని మాత్రం ‘ఇంటిబండి’ అంటాడు.

“నాని గారూ, పెట్టి చూడండి!” అని పైనుంచి కేకేశాడు సాలమోను.

“వచ్చిందండోయ్! అద్దంలా ఉంది బొమ్మ!”

కింద చేతులు కట్టుకుని నిలబడ్డ వెంకటకృష్ణ మాత్రం నవ్వలేదు. “పొద్దుట ఎప్పుడూ బానే వస్తుందండీ సాలమోను గారూ. ఎండెక్కేకే కదా పోయేది.”

“ఆయ్.”

“పోయినసారి వెళ్ళినోళ్ళు బండి దిగుతూనే తిట్టేరు. అంతకు ముందు పార్టీ కూడా అదే మాట. ఇయ్యాళ సాయంత్రం కపిలేశ్వరపురంలో సూర్యప్రకాశరావు గారి కుటుంబం ఎక్కుతుంది. ఆయనకి క్రికెట్టు లేకపోతే ముద్ద దిగదు. వాళ్ళు దిగే గోదావరి లంకల్లో ఫోను సిగ్నలు కూడా ఉండదు. ఇయ్యాళ కూడా పోయిందనుకోండి, మీరేమీ అనుకోవద్దు, ఆ గొడుగు పీకించేస్తాను. షెడ్డులో తయారవుతున్న మూడు బళ్ళకీ డిష్ వద్దు. పెన్‌డ్రైవులో సినిమాలెక్కించి ఇచ్చేస్తాను.”

“ఆయ్, అలాగేనండి,” అన్నాడు సాలమోను.

రాజోలు ప్రాంతంలో టీవీలు కొత్తగా వచ్చిన రోజుల్లో సరుగుడు కర్ర చివర యాంటెన్నా కట్టి, పెంకుటిళ్ళ మీదికెక్కి “వచ్చిందా?” అని అరుస్తూ ఈ పనిలోకి వచ్చాడు సాలమోను. నేర్పినవాడెవడూ లేడు. పాడైన టీవీ కనిపిస్తే ఊడదీసి చూసేవాడు, మళ్ళీ బిగించేటప్పుడు రెండు మరలు మిగిలితే అవి ఎక్కడివో తెలిసేదాకా నిద్రపోయేవాడు కాదు. గొడుగులొచ్చాక అతనికి తీరిక లేకుండా పోయింది. ఊళ్ళో సగం ఇళ్ళ మీద ఆకాశంకేసి చూసే గొడుగులన్నీ అతను తిప్పి నిలబెట్టినవే. తర్వాత ఇంటర్నెట్ తీగలొచ్చాయి. ఇప్పుడు ఎవరైనా పిలిచారంటే ఆ గొడుగులు దింపడానికే. దింపినవాటి మీద ఒకళ్ళు వడియాలు ఎండబెడుతున్నారు, ఒకళ్ళు కోడిపిల్లల్ని మూస్తున్నారు. అతని ఇంట్లోనే భార్య ఇందిర ఒకదాన్ని ఎండుమిరపకాయలకి వాడుతోంది.

ఇందిర అన్న జాన్ అమలాపురంలో ఒక అపార్ట్‌మెంటు దగ్గర గేటు కాపలా పని చూసిపెట్టాడు. చేరేదీ లేనిదీ ఈ సాయంత్రానికి చెప్పాలి. “నీడపట్టున కూర్చోవడమే బావా, ఇంకేం పనుండదు,” అన్నాడు జాన్, అదే పెద్ద లాభమన్నట్టు. ఏ పనీ లేకుండా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఎలాగో సాలమోనుకి తెలియదు. ఈ మూడు బళ్ళ పని దొరికితే, వాటిని చూసి ఇంకెవరైనా పిలిస్తే, వైరూ బ్లేడూ పట్టుకునే బతకొచ్చు. లేకపోతే ఆ గేటే.

మార్గశిరం చలి వదిలి ఎండ కాస్త చురుక్కుమనేసరికి లోపల నాని గొంతు మారింది. “బొమ్మ గళ్ళు పడుతోందండీ. అదుగో, యాంకరమ్మ ముక్కు చెవి దగ్గరికెళ్ళిపోయింది. అయిపోయింది, పోయింది.”

సాలమోను చుట్టూ చూశాడు. దొడ్డి నిండా కొబ్బరిచెట్లు. ఎండతోపాటు గోదావరి గాలి లేచి మట్టలు ఊగుతున్నాయి. గొడుగు చూసే చోటుకి మట్ట అడ్డం వస్తే బొమ్మ విరుగుతుంది. పొద్దుట గాలి ఉండదు కాబట్టి బాగుంటుంది. లెక్క సరిపోయింది.

“చెట్లండీ. బండి అటు తీయించండి.”

అటు తీశారు. గొడుగు మళ్ళీ తిప్పి కట్టాడు. బొమ్మ కాసేపు మెరిసి మాయమైంది. ఇటు తీశారు. మళ్ళీ అంతే. చివరికి దొడ్డి దాటి, అరటి లారీలు ఆగే బయలులో పెట్టారు. చుట్టుపక్కల నెత్తిమీదికి వంగే చెట్టన్నదే లేదు.

“దిష్టి తీయడానికా ఏంటండీ ఈ బండిని ఇలా తిప్పుతున్నాం?” అన్నాడు నాని, చెమట తుడుచుకుంటూ. లారీల మీద గెలలు ఎక్కిస్తున్నవాళ్ళు పని ఆపి మరీ నవ్వారు.

బయల్లో కూడా బొమ్మ రాలేదు. పాపం, చెట్ల తప్పేమీ లేదు. సగం పూట వాటిమీదే నెపం పెట్టి గడిపేసినందుకు సాలమోనుకి తనమీదే విసుగొచ్చింది. ఊహలు చాలు, ఇక ముక్క ముక్కా విడదీసి చూడాలనుకున్నాడు.

సంచిలోంచి కొత్త వైరు ముక్క తీశాడు. ఒక చివర గొడుగు బుడ్డికి బిగించి, రెండోది కిటికీలోంచి దింపి తిన్నగా టీవీ కింద బాక్సుకి పెట్టించాడు. బొమ్మ వచ్చి నిలబడింది. నడినెత్తిన ఎండ కాస్తున్నా చెక్కు చెదరలేదు. అంటే గొడుగు మంచిదే, బాక్సు మంచిదే. తెగులంతా మధ్యలో గోడల చాటున పోయిన వైరులోనే ఉంది.

ఆ వైరు రెండు ముక్కలు. పైకప్పులోంచి బట్టల అలమరలోకి దిగేది సాలమోను వేసింది. అలమర నుంచి టీవీ దాకా ప్లైవుడ్ వెనక పోయేది, బండి కట్టినవాళ్ళు ముందే వేసి చెక్క బిగించేశారు. రెండింటినీ అలమర మూలలో ఒక ఇత్తడి జాయింటరుతో కలిపాడు.

అలమర తలుపు తీశాడు. ఎర్రచీమల బారు ఒకటి, పెళ్ళి ఊరేగింపులా తీరిగ్గా, మూలలోకి పోతోంది. పిల్లలెవరో బిస్కెట్టు పడేశారనుకున్నాడు ముందు. కానీ బారు అడుగుకి దిగకుండా నేరుగా జాయింటరులోకి దూరుతోంది. దాన్ని ముట్టుకుంటే వేలికి జిడ్డు అంటింది. వాసన చూశాడు.

కొబ్బరినూనె.

మర విప్పితే లోపల చచ్చిన చీమలు, ఎర్రదుమ్ము, పచ్చటి చిలుము అన్నీ నూనెలో కలిసి ముద్దయి ఉన్నాయి. ఆ ముద్ద రాగితీగ చుట్టూ చేరి కారుతోంది.

“నాని గారూ, దీనికి నూనె ఎవరు రాశారండీ?”

“నాకేం తెలుసండీ, నా తలకే రాసుకునే తీరిక లేదు.”

వెంకటకృష్ణ గారి తల్లి రమణమ్మ గారు అప్పుడే మజ్జిగ చెంబుతో బండి మెట్టెక్కారు. ఆ మాట విని ఏ జంకూ లేకుండా, “నేనే రాశాను నాయనా,” అన్నారు.

“మీరా అమ్మగారూ?”

“ఆమధ్య అంతర్వేది వెళ్ళొచ్చిందిగా బండి, ఉప్పుగాలి తగిలింది. ఇంట్లో అయితే ఏటా వానలెళ్ళగానే తలుపు గడియలకీ బందులకీ నూనె రాస్తాను, తుప్పు పట్టకుండా. మావాడు ఇది కూడా ఇల్లేనన్నాడు కదా. అందుకని గడియలకి, బందులకి, ఆ మూలనున్న ఇత్తడి మరకి రాసేను.”

“ఊడదీసి మరీ రాశారా?”

“పైపైన రాస్తే లోపల తుప్పు పట్టదా?” అన్నారావిడ, అదేం ప్రశ్నన్నట్టు.

వెంకటకృష్ణ తల పట్టుకున్నాడు. “అమ్మా! నువ్వు... రెండు పార్టీల చేత తిట్లు తిన్నానే నేను!”

“నాకేం తెలుసురా, టీవీకి నూనె పడదని? నీకు పడిందిగా చిన్నప్పట్నించీ!”

నాని ముఖం పక్కకి తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

సాలమోనుకి కోపం రాలేదు. చేసిన పని తప్పే గానీ, చేసిన తీరు శుభ్రంగా ఉంది. మర విప్పి, లోపల రాసి, మళ్ళీ ఎంత బిగువుండాలో అంత బిగించారావిడ. ఇంకా ఒక్కటే అంతు చిక్కలేదు. నూనె పొద్దుటా ఉంది, మధ్యాహ్నమూ ఉంది. మరి పొద్దుట బొమ్మ ఎందుకొస్తోంది?

“అమ్మగారూ, ఇయ్యాళ పొద్దుట మీ నూనె సీసా ఎలా ఉందండీ?”

“ఎలా ఉంటుంది, ఈ చలికి గడ్డ కట్టేసింది. చెంచాతో గీక్కున్నాను...” అంటూ ఆవిడే ఆగిపోయారు. చెంబు కింద పెట్టారు. “ఓరి నాయనో! పొద్దుట గడ్డకట్టి కదలకుండా ఉంటోంది. ఎండెక్కేక కరిగి ఆ ముద్దంతా తీగ మీదికి పోతోంది. అంతేనా?”

“ఆయ్, అంతేనండి అమ్మగారూ.”

“చూశావురా, నేనే కనిపెట్టేను,” అన్నారావిడ కొడుకుతో.

జాయింటరు తుడిచి, చివరలు కోసి కొత్త కనెక్టర్లు తొడిగితే గంట తిరక్కుండా పనైపోయేది. వెంకటకృష్ణ కూడా అదే అడిగాడు, సాయంత్రం దగ్గర పడుతోందని. సాలమోను ఒప్పుకోలేదు. నూనె వైరు అల్లికలో ఎంతదూరం పాకిందో పైనుంచి తెలియదు. పైగా కుదుపులు తినే బండిలో అతుకు ఉండడమే ఒక బెంగ. గొడుగు నుంచి బాక్సు దాకా ఒకే వైరు ఉండాలి.

చెక్క విప్పే వ్యవధి లేదు. అందుకని పాత వైరు చివరకి కొత్త వైరు కట్టి, ముడి మీద టేపు నున్నగా చుట్టాడు. టీవీ దగ్గర నాని పాత వైరు లాగుతుంటే అలమరలోంచి సాలమోను కొత్తదాన్ని అందించాలి. సగం దాకా వచ్చి ఏదో మలుపులో పట్టేసింది.

“లాగనా?” అన్నాడు నాని.

“లాగకండి! తెగిందంటే పాతదీ పోతుంది, కొత్తదీ పోతుంది.”

“కొంచెం నూనె రాస్తే జారుతుందేమో,” అన్నారు రమణమ్మ గారు గుమ్మంలోంచి.

“అమ్మా!” అని ముగ్గురూ ఒకేసారి అరిచారు. సాలమోను మాత్రం చివర ‘గారూ’ చేర్చాడు.

“పౌడరుంటే ఇప్పించండమ్మగారూ, ముఖానికి రాసుకునేది.”

పౌడరు డబ్బా వచ్చింది. వైరు పొడుగునా పౌడరు పులిమి, కొంచెం వెనక్కి లాగి, కాస్త మెలితిప్పి తోస్తే, మలుపు దాటి సర్రున జారింది. బండంతా మల్లెపూల వాసన. రెండో చివర పైకప్పు కన్నంలోంచి తీసి గొడుగుకి, ఈ చివర బాక్సుకి బిగించాడు. బొమ్మ వచ్చింది. ఎండ వాలేదాకా పోలేదు.

“ఇక బయల్దేరదామా?” అన్నాడు వెంకటకృష్ణ. బండి తాళాలు అప్పుడే నాని చేతిలో పెట్టేశాడు.

“నేనూ వస్తానండీ. బండి ఆగున్నప్పుడు బొమ్మ రావడం గొప్పేం కాదు, గతుకులు తిన్నాక కూడా రావాలి.”

వెంకటకృష్ణ మోటారుసైకిలు మీద వెనకాల వచ్చాడు. జొన్నాడ వంతెన దాటి, ఆలమూరు మీదుగా గతుకులన్నీ వరసగా తింటూ పోయింది బండి. సాలమోను అలమరలో తల దూర్చి, వైరు మీద చెయ్యేసి కూర్చున్నాడు. పైకప్పు కన్నం దగ్గర ఏదో చిన్నగా గీరుతున్నట్టు వేలికి తెలిసింది. దారిలో ఆపించి చూస్తే, వైరు ఇనప అంచుకి రాసుకుంటోంది. ఇప్పుడేమీ కాదు, నాలుగు నెలలకి తోలు అరిగి మళ్ళీ పిలుపొస్తుంది. సంచిలో సైకిలు ట్యూబు ముక్క ఉంది. దాన్ని తొడిగి, వానచుక్క వైరు వెంట లోపలికి జారకుండా బయట ఒక వంపు తిప్పి కట్టాడు.

కపిలేశ్వరపురం గోదారి గట్టు మీద ఫోను మోగింది. ఇందిర.

“అన్నయ్య రెండోసారి చేసేడు. ఏం చెప్పమంటావు?”

“ఇంకొంచెం ఆగమను.”

“ఎంతకని ఆగుతాడు? వాళ్ళు వేరేవాళ్ళని పెట్టేసుకుంటారంట.”

“బండి ఇంకా అప్పజెప్పలేదు ఇందిరా,” అని పెట్టేశాడు.

నాని అలవాటుగా బండిని తీసుకెళ్ళి గట్టు పక్క కొబ్బరిచెట్ల నీడలో పెట్టబోయాడు.

“నీడ మనకి బావుంటుంది, దానికి పడదండీ. బయల్లో పెట్టండి. దక్షిణం వైపు పైన ఆకాశం తెరిపిగా ఉండాలి. ఇప్పుడు మీరే ఎక్కి తిప్పండి. నేను కిందుంటాను.”

“నేనా? నాకు స్టీరింగ్ తిప్పడమే వచ్చండి.”

“ఇదీ అంతేనండి. గొడుగు వంపు కదలకుండా పెయింటుతో గుర్తెట్టేను. పక్కకి మాత్రం తిప్పండి. మెల్లగా. సంగతుల్లో పడి గబగబా తిప్పేస్తే దాటిపోతుంది.”

నాని బండెక్కి, ఊపిరి బిగబట్టి, గొడుగుని అంగుళం అంగుళం జరిపాడు. కింద టీవీ ముందు వెంకటకృష్ణ, అప్పుడే సామాన్లతో వచ్చిన సూర్యప్రకాశరావు గారు నిలబడ్డారు. నల్లటి తెర. ఇంకా నల్లటి తెర. ఒక్కసారిగా పచ్చటి మైదానం, తెల్లటి గీత.

“ఆపెయ్యి, ఆపెయ్యి! వచ్చేసింది!” అని అరిచింది సూర్యప్రకాశరావు గారే. “ఎంత కొట్టేరో చూడనివ్వండి ముందు.”

సాలమోను గొడుగు మర బిగించి రావడానికి బండెక్కాడు. దిగేసరికి వెంకటకృష్ణ టీవీ వెనక చెక్కని వేలితో కొట్టి చూస్తున్నాడు.

“ఇందాక వైరు మలుపులో పట్టేసిందే, చెక్క బిగించకముందే మీరు వచ్చుంటే ఆ తిప్పలు ఉండేవి కాదు కదండీ?”

“ఆయ్, ఉండేవి కాదండి.”

“అయితే ఆ మూడు బళ్ళకీ ఇంకా చెక్క బిగించలేదు. రేపు పొద్దుటే షెడ్డుకి రండి. వైరు ఏ దారిన పోవాలో మీరు గీతలు గీసేక, అప్పుడు వడ్రంగుల్ని చెయ్యి పెట్టమంటాను.”

సాలమోను ఫోను తీశాడు. “ఇందిరా, మీ అన్నయ్యకి చెప్పు. నాకు పనుంది, వేరేవాళ్ళని చూసుకోమను.”

బ్లేడు మడిచి, మిగిలిన వైరు చుట్ట కట్టి సంచిలో వేసుకున్నాడు. టీవీ మీద పడ్డ వేలిముద్రల్ని తువ్వాలుతో తుడిచి, రిమోటు సూర్యప్రకాశరావు గారి చేతికిచ్చాడు.

“ఇక ఈ బండి మీదేనండీ.”