మేరుపూస దగ్గర జావా

బడికి వెళ్ళకుండా ఇంట్లోనే చదువుకున్నదాన్ని. జావా అనే కంప్యూటర్ భాష కూడా ఇంట్లోనే నేర్చుకున్నాను. నిరుడు అమలాపురంలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో టీచరు ఉద్యోగానికి డెమో క్లాసు చెప్పాను. అయిదు ఊళ్ళ పేర్లతో లిస్టు రాసి, అవి తెరమీద ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి వచ్చేలా ప్రోగ్రాం నడిపించాను. ఆఖరి ఊరు మామిడికుదురు వరసగా రెండుసార్లు పడింది.

"మేడమ్ గారూ, మామిడికుదురులో బస్సు చెడిపోయిందాండీ?" అంది ముందు బెంచీ అమ్మాయి.

క్లాసంతా నవ్వింది. వెనక కూర్చున్న సెంటర్ యజమాని మాత్రం నవ్వలేదు. ప్రోగ్రాం సరైనదేనని తెలుసుగానీ, ఆ పేరు రెండుసార్లు ఎందుకు పడిందో విడమరిచి చెప్పడం నాకు రాదనుకున్నాను. చెమట తుడుచుకుందామని సంచిలో చెయ్యి పెడితే తులసిమాల తగిలింది. దాన్నే పైకెత్తాను.

"జపంలో మేరుపూస, అదే మాల కొసనున్న పెద్ద పూస, దాటకూడదు కదమ్మా. అక్కడ మాల తిప్పి వెనక్కి వస్తాం. అప్పుడు మొదట వేలికి తగిలేది ఇందాక ఆఖర్న వదిలిన పూసే. జావా కూడా పూస మీద ఆగదు, పూసకీ పూసకీ మధ్య ఆగుతుంది. అందుకే వెనక్కి తిరగ్గానే మళ్ళీ మామిడికుదురే తగిలింది."

"ఆయ్! అయితే మా నాయనమ్మకి జావా వచ్చేసినట్టేనండీ!" అంది ఆ అమ్మాయే.

ఈసారి యజమాని గారూ నవ్వారు. ఉద్యోగం వచ్చింది. నాకు రాదనుకున్న జవాబు నా వేళ్ళకి ఎప్పటినుంచో తెలుసు. దాన్ని బయటికి రప్పించిన ఆ పిల్లకి రోజూ మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను.