తువ్వాల కట్టిన స్విచ్

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఏప్రిల్ చివర్లో, నన్ను సికింద్రాబాద్ నుంచి మెదక్ వైపు ఒక సెక్షన్‌కు కరెంటు లైన్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. లైన్‌మన్ల పైన, ఇంజినీరు కింద ఉండే పోస్టు అది. ఇల్లు సీతాఫల్‌మండిలో, డ్యూటీ అక్కడ. నేను పదో తరగతి దాటని వాణ్ణి. హెల్పర్‌గా చేరి, రూల్సు పుస్తకం సొంతంగా చదువుకుని పైకి వచ్చాను. అందుకే పుస్తకంలో ఏముందో, ఫీల్డులో ఏం లేదో రెండూ తెలుసు.

ఆ మైదానపు ఊళ్లలో ఎండాకాలం పగలు ఇనుప స్తంభం ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. సాయంత్రం పడమట నల్లబడి గాలిదుమారం, ఉరుములు, వడగండ్లు. తీగలు తెగిపోతాయి. తెల్లారితే మళ్లీ అదే ఎండ, పైగా ఉక్కపోత.

ట్రాన్స్‌ఫార్మర్ గద్దె దగ్గర నేల మీంచి అందే ఒక హ్యాండిల్ ఉంటుంది. దాన్ని ఏబీ స్విచ్ అంటాం. దించితే కరెంటు బంద్, ఎత్తితే వస్తుంది. దించాక తాళం వేయాలి, తాళంచెవి స్తంభం ఎక్కేవాడి జేబులో ఉండాలి. ఇది రూలు. ఎన్నిసార్లు అడిగినా మాకు తాళాలు రాలేదు. అందుకని లైన్‌మన్లు తమ తువ్వాల హ్యాండిల్‌కు కట్టి స్తంభం ఎక్కేవారు. తువ్వాల ఉంటే పైన మనిషి ఉన్నట్టు. లేకపోతే పని అయినట్టు, అప్పుడు దగ్గరున్నవాళ్లే హ్యాండిల్ ఎత్తేవారు. ఎత్తకూడదు నిజమే. ఒక్క లైన్‌మన్‌కు నాలుగైదు ఊళ్లు అప్పగిస్తే ఊరివాళ్లే లైన్‌మన్లు కాక ఏమవుతారు?

ఒక సాయంత్రం గాలివాన మా సెక్షన్‌లోని ఒక ఊళ్లో రేకులు లేపేసింది, ఆరేసిన బట్టలన్నీ చెట్లకు, తీగలకు చుట్టింది. వడ్ల కొనుగోలు కేంద్రంలో ధాన్యం తడిసిపోయింది. మర్నాడు మధ్యాహ్నం లైన్‌మన్ యాదగిరి తెగిన తీగ అతకడానికి వచ్చాడు. తాళం సంగతి ఎత్తితే నవ్వాడు.

"తాళం ఏంది సార్, నా తువ్వాల ఉన్నంక సర్పంచ్ సుత ముట్టడు."

స్విచ్ దించి, తువ్వాల కట్టి, ఊరి చివరి మలుపులో స్తంభం ఎక్కాడు. నేను కింద నిలబడి సామాను అందిస్తున్నాను. అక్కణ్ణుంచి గద్దె కనపడదు.

కొనుగోలు కేంద్రం గద్దె పక్కనే. మా సెక్షన్ కిందికి రాని పక్క ఊరి రైతు ఒకతను, తల్లితో కలిసి తడిసిన వడ్లు ఎండబోస్తున్నాడు. ముసలామె ఎండకు సొమ్మసిల్లి పడిపోయింది. నెత్తిన తడిగుడ్డ వేయాలి. ఎదురుగా తువ్వాల కనబడింది. విప్పి, కుండలో ముంచి ఆమె తలకు చుట్టి, కేంద్రం గదిలో పడుకోబెట్టాడు. కాసేపటికి ఆ ఊరి హమాలీ నర్సింలు గద్దె వైపు చూశాడు. తువ్వాల లేదు. పాపం, ముసలామెకు ఫ్యాన్ గాలి తగలాలని హ్యాండిల్ ఎత్తాడు.

యాదగిరి అరవలేదు. బెల్టుకు వేలాడిపోయాడు.

ముసలామె బతికింది. కొడుకు ఆ తడి తువ్వాల చేత్తో పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"గాలికి కొట్టుకొచ్చి చిక్కిందనుకున్న సార్. మా ఊళ్ల గిట్ల కట్టరు."



విచారణ సికింద్రాబాద్‌లో, ఏసీ గదిలో. తాళం ఎందుకు వేయలేదని అడిగారు. ఇస్తే కదా సార్ వేసేది, అన్నాను. నివేదికలో మాత్రం 'మృతుడి అజాగ్రత్త' అని రాశారు. సంతకం పెట్టమంటే పెట్టలేదు. నర్సింలును స్టేషన్‌కు తిప్పారు. తాళాలు కొననివాళ్లను ఎవరూ ఎక్కడికీ తిప్పలేదు. నేను దిగిపోయేదాకా తాళాలూ రాలేదు.

ఆ మధ్యాహ్నం తప్పుడు బుద్ధితో పని చేసినవాడు ఆ ఊళ్లో ఒక్కడూ లేడు. నాకు తెలిసొచ్చింది ఇంతే: స్విచ్చుకు కట్టేది మనిషికి మరి దేనికీ అక్కరకు రానిదై ఉండాలి. ఎండాకాలంలో తువ్వాల అలాంటిది కాదు. తాళం అలాంటిది.