కదిలిందా?

శాంతి నగర్‌లో మా మగ్గాల కార్ఖానా ఆఫీసులో ఒక అక్క ఉండేది. ఎవరు ఎక్సెల్ షీట్ చేసినా, ఏదో ఒక గడిలో బారుగా తొమ్మిదులు కొట్టి, "కింద మొత్తం కదిలిందా?" అని అడిగేది. కదలకపోతే ఫార్ములా తప్పినట్టే.

ఒకరోజు సేఠ్, కండెల లెక్క తగ్గిందని, నూలు కండెలు చుట్టే ఆడవాళ్లను పనిలోంచి తీసేశాడు. వాళ్లలో అక్క వాళ్ల అమ్మ కూడా ఉంది. అక్క ఆ కండెల లెక్క షీట్ తెరిచి, అమ్మ పేరు పక్కన తొమ్మిదులు కొట్టింది.

మొత్తం కదల్లేదు. అమ్మతో పాటు కొత్తగా చేర్చిన పేర్లేవీ ఫార్ములాలో లేవు.

"ఎవలు చేసిండ్రు అక్కా గీ షీట్?" నా గొంతు లేచింది.

"నేనే. గిదొక్కటే ఎన్నడు సూడలే."

నమ్మలేక మళ్లీ కొట్టబోయింది. నొక్కిన వేలు మీట మీదే ఉండిపోయింది. అమ్మ పేరు పక్కన తొమ్మిదులు పడుతూనే ఉన్నాయి.