డ్రమ్ము ఖాసిం పాత బ్యాండు

ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్లే బస్సు వెనక సీట్లలో రెండు ట్రంపెట్లు, ఒక క్లారినెట్, ఒక తాళాల జత, ఒక డ్రమ్ము, ఐదుగురు మనుషులు. ఎప్పుడో విడిపోయిన పెళ్లి బ్యాండు మళ్లీ కలిసిందన్నాడు డ్రమ్ము వాయించే ముసలి ఖాసిం. మిగతా నలుగురూ కుర్రవాళ్లు.

కాకినాడ నుంచి పనిమీద వచ్చిన నేను, “పాతవాళ్లేరి?” అని అడిగాను.

“ముగ్గురు సచ్చిపోయినారు. ఒగడు హుబ్లీలో అంగడి పెట్టినాడు. వాళ్ల వాయిద్యాలు వచ్చినాయి కదప్పా, వాళ్లు వచ్చినట్టే. పెండ్లి చేసే ఆయప్ప తాంబూలమిస్తే మమ్మల్ని ఒప్పుకున్నట్టు. లేకుంటే ఇదే బస్సుకు వాపస్.”

బస్టాండులో తాంబూలం పళ్లెంతో ఎదురొచ్చిన పెళ్లికూతురి తండ్రి, కుర్రవాళ్లను చూసి ఆగిపోయాడు. “నా పెండ్లికి వాయించినోళ్లే రావల్లంటే, ఈ పిల్లోళ్లను తెచ్చినావేమన్నా?”

ఖాసిం ఒక ట్రంపెట్ మీది సొట్ట చూపించాడు. “నీ పెండ్లిలో నువ్వు తగిలి పడేసిందే ఇది.”

ఆయన నవ్వి, ఐదుగురికీ తాంబూలాలిచ్చాడు. తర్వాత, రానివాళ్ల వాయిద్యాల మీద కూడా ఒక్కొక్కటి పెట్టాడు.

మనుషులు ఐదుగురు, తాంబూలాలు తొమ్మిది.